పెద్దావిడ ఆగిన చోటు

మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మా అమ్మాయికి ఎడమ కన్ను తెరిచే ఉంది.

కుడి కన్ను మూసుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది, సన్నగా గురక కూడా పెడుతోంది. ఎడమ కన్ను మాత్రం రెప్ప వాల్చకుండా గుమ్మం వైపు, గుమ్మం అవతల సముద్రం వైపు చూస్తోంది. నేను వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను. నల్లగుడ్డు మెల్లగా జరిగి, నా పక్కనుంచి సముద్రాన్ని వెతుక్కుంది.

నా ఒళ్లు చల్లబడిపోయింది. పక్షవాతం అనుకున్నాను. ఆ వెంటనే మెదడులో గడ్డ అనుకున్నాను. శ్రీకాకుళం ఆసుపత్రి, అక్కడినుంచి విశాఖపట్నం ఆసుపత్రి, గుండు చేసిన తల, అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చేశాయి. నాకు ఇది అలవాటే. ఎవరైనా పావుగంట ఆలస్యంగా వస్తే నేను వాళ్ల దినం భోజనాల వరకూ వెళ్లిపోతాను. చేతిలో గిన్నె కింద పడేసి దాని భుజాలు పట్టుకుని ఊపేశాను.

"ఝాన్సీ! ఓలమ్మా, నెగు! ఏటయిందే నీకు?"

అది ఉలిక్కిపడి లేచింది. "ఏటమ్మా? ఇల్లేటైనా కాలిపోతందా?"

"తొంగున్నా నీ కన్ను తెరుచుకునే ఉందే!"

"ఎడం కన్నేనా?" అని అడిగింది.

అదే నన్ను ఇంకా భయపెట్టింది. బెదరలేదు, ఏడవలేదు, ఎడమదా అని అడిగింది. దిండు కింద నుంచి పుస్తకం తీసి టైము రాసుకుంది.

"మేడంకి సెప్పాలి. ఇంతదాకా ల్యాబులోనే అయ్యేది. ఇంటికాడ ఇదే మొదలు."

నేను చదివింది ఏడో తరగతి. ల్యాబులో జరిగేదంతా నాకు అర్థమైందని చెప్పను. నేను చూసింది చెప్పగలను.

మాది ముకుందపేట. శ్రీకాకుళం తీరంలో ఏరు సముద్రంలో కలిసేచోట, ఏరు మొగ దగ్గర ఉంటుంది. మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో డాక్టర్ ఇందుమతి మేడం డాల్ఫిన్ల మీద పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ ఎనిమిదిమందికి వంట చేసేది నేను. డిగ్రీ పూర్తిచేసిన మా ఝాన్సీ అక్కడే సహాయకురాలిగా చేరింది. కళ్ల ముందే ఉంటుందని నేను సంబరపడ్డాను. ఊరు దాటి పోకుండానే పిల్ల దూరమైపోవచ్చని అప్పుడు నాకు తెలియదు.

కార్తీకం వెళ్లి ఉత్తరపు గాలి తిరిగాక ఒక డాల్ఫిన్ల గుంపు ఒడిశా వైపు నుంచి వచ్చి మా ఊరి ముందునుంచి దక్షిణానికి పోతుంది. ఎండలు ముదరకముందే తిరిగి వస్తుంది. వేటకు వెళ్లే మావాళ్లందరికీ అది తెలుసు. మేడం అడిగేది వేరే ప్రశ్న.

"చేపల కోసం పోతాయి, నీళ్లు చల్లబడతాయని పోతాయి. అంతవరకు తెలుసు నూకరత్నం గారూ," అన్నారు ఒకరోజు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే. "కానీ ఇటు తిరగాలి, అక్కడ ఆగాలి అని ముందు పోయేదానికి ఎవరు చెప్పారు? దాని బుర్రలో ఏ గుర్తులున్నాయి? అది ఎవరికీ తెలియదు."

తెలుసుకోవడానికి ఆవిడ ఒక పట్టీ తయారుచేశారు. తాటిముంజెలా మెత్తగా ఉంటుంది. డాల్ఫిన్ తలమీద అంటిస్తే దాని ఒంటి వేడితోనే పనిచేస్తుంది. అదే పదార్థంతో మనిషికి ఒక టోపీ. ఆ టోపీ పెట్టుకుని సముద్రపు నీళ్లు నింపిన సిమెంటు తొట్టెలో పడుకుంటే, డాల్ఫిన్ వినేది, తెలుసుకునేది మనిషికీ అందుతుంది. నలుగురిని ప్రయత్నించారు. ముగ్గురు వాంతులు చేసుకున్నారు. చిన్నప్పటి నుంచి అలల్లో పెరిగిన మా ఝాన్సీకి ఏమీ కాలేదు.

పట్టీ అంటించింది గుంపుకి ముందు నడిచే ముసలి ఆడ డాల్ఫిన్‌కి. దాని వీపు మీది రెక్కకు లోతుగా ఒక గంటు ఉంటుంది. కాగితాల్లో దాని పేరు ఏడో నంబరు. నేను పెద్దావిడ అన్నాను. తర్వాత అందరూ అలాగే అన్నారు.

మొదటిరోజు నాకు బాగా గుర్తుంది. ఝాన్సీ కళ్లు మూసుకుని తొట్టెలో తేలుతోంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి దాని పెదవులు కదిలాయి.

"నా ఎనకాల పదకొండు మంది ఉన్నారు. ఒకటి చిన్నది. దానికి కడుపు నిండలేదు."

మేడం వైర్‌లెస్‌లో మా మరిది సింహాద్రిని అడిగారు. అతను బోటు మీద గుంపు పక్కనే ఉన్నాడు.

"పెద్దదాన్ని తీసేస్తే పదకొండండి," అన్నాడు సింహాద్రి. "సిన్నపిల్లొకటి తల్లి పొట్ట కిందే తిరుగుతందండి. పాలకోసం కాబోలు."

షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను తువ్వాలు పట్టుకుని లోపలికి పరుగెత్తాను. నీళ్లలో గంటసేపు ఉంటే న్యుమోనియా రాదూ?

కన్ను సంగతి ఆ తర్వాత మొదలైంది. డాల్ఫిన్లు పూర్తిగా నిద్రపోవట. సగం మెదడు పడుకుంటే సగం మేలుకుని ఉంటుందట. తెరిచిన కన్ను గుంపు ఏ వైపు ఉంటే ఆ వైపే చూస్తూ ఉంటుందని మేడం చెప్పారు. అది విన్నాక నాకు మధ్యాహ్నం జరిగింది అర్థమైంది. నేను అడ్డంగా నిలబడితే నా పక్కనుంచి ఎందుకు చూసిందో అర్థమైంది.

"మాన్పించండి మేడం," అన్నాను.

"ఇంక మూడు వారాలేనండి. గుంపు దక్షిణానికి బయలుదేరిన రోజు ఒక్కటీ చూస్తే చాలు. దాని బుర్రలో ఉన్న దారి మొత్తం తెలిసిపోతుంది." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి. ఆవిడ చెడ్డ మనిషి అయితే నాకు సులువుగా ఉండేది.

మరో భయం కూడా చేరింది. డాల్ఫిన్లలో ఒక్కొక్కదానికీ ఒక్కో ఈల ఉంటుంది. అదే దాని పేరు. తల్లి తప్పిపోయిన పిల్లను ఆ ఈలతోనే పిలుచుకుంటుంది. పన్నెండింటి ఈలలూ మేడం దగ్గర ఉన్నాయి. ఆ నెలలో పదమూడోది వినిపించింది. పైకి లేచి, చివర రెండుసార్లు వణికే ఈల. గుంపులో ఎవరిదీ కాదు. పెద్దావిడ ఆ ఈల వేసినప్పుడల్లా తొట్టెలో మా అమ్మాయి తల తిప్పేది.

"అది నాదే," అంది ఝాన్సీ, కళ్లు తెరవకుండానే.

ఇటు వినపడేదే గానీ అటు పోయేది ఏమీ ఉండదని మేడం అంతవరకూ అనుకున్నారు. అటూ పోతోందని ఆరోజు తెలిసింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఎవరో నా పిల్లకి బారసాల చేసేసినట్టు అనిపించింది.

షెడ్డు గోడ మీద పెద్ద మ్యాపు ఉండేది. మూడేళ్లుగా గుంపు వెళ్లిన దారిని ఎర్రగీతతో గీశారు. ఆ గీత తిన్నగా పోతూ పోతూ అయిదుచోట్ల వంకర తిరిగేది. అక్కడ రాళ్లు లేవు, ప్రవాహం లేదు, ఓడలు తిరగవు. మేడం వాటిముందు గంటలకొద్దీ నిలబడేవారు. ఒకరోజు టీ ఇస్తూ నేను అన్నాను:

"అక్కడ పిల్లలు పోయుంటారండి."

"ఏమన్నారు?"

"మా ఇంటినుంచి ఇక్కడికి ఒడ్డువెంట అయిదు నిమిషాలండి. నేను సరుగుడు తోట చుట్టి పావుగంట నడిచి వస్తాను. పద్నాలుగేళ్లుగా నేను ఒడ్డువెంట నడవను. ఎవరైనా నా దారి గీస్తే అక్కడ కూడా ఇలాగే వంకర ఉంటుంది."

మేడం టీ కింద పెట్టేశారు. చెప్పక తప్పలేదు.

వేటకు బయలుదేరిన మగవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. మావాళ్లలో అది గట్టి పట్టింపు. పద్నాలుగేళ్ల కిందట మా ఆయన ఎల్లాజీ గుమ్మం దాటి ఒడ్డు దిగాడు. వైర్‌లెస్ సెట్టు గోడమీద మేకుకే ఉండిపోయింది. చార్జింగుకని పెట్టి మరిచిపోయాడు. యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. పిలవబోయాను. మా అత్త వచ్చి నా నోరు మూసేసింది. "ఎనకనుంచి పిలవకే! ఏటకెల్లే మనిషిని!" ఆమె అరచేతి చేపల వాసన నాకు ఇప్పటికీ తెలుసు. ఆయన బోటు తోసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం తుఫాను వస్తోంది వెనక్కి రమ్మని అన్ని బోట్లకీ వైర్‌లెస్‌లో చెప్పారు. ఆ మాట ఆయనకి అందలేదు. ఝాన్సీకి అప్పటికి ఎనిమిదేళ్లు.

మేడం రెండురోజులు పాత కాగితాలు తిరగేశారు. మొదటి వంకర దగ్గర కొన్నేళ్ల కిందట వలలో చిక్కి చనిపోయిన పిల్ల డాల్ఫిన్ దొరికిందని అటవీ శాఖవాళ్ల రికార్డులో ఉంది. రెండోదాని దగ్గరా అంతే. గుంపు కాసేపు ఆగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి పిల్ల తప్పిపోయి మళ్లీ కలిసిన చోట్లని ఝాన్సీ తొట్టెలో ఉండి చెప్పింది. పోగొట్టుకున్న చోటుని పెద్దావిడ చుట్టి పోతుంది. తప్పిపోయిన చోట ఆగి ఎదురు చూస్తుంది. పోవడం తిండికోసమే. దారి మాత్రం తల్లుల భయాలతో గీసుకున్నది.

"నేను మూడేళ్లుగా నీళ్లలో ఉప్పు కొలుస్తున్నాను నూకరత్నం గారూ," అన్నారు మేడం. నవ్వారు గానీ కళ్లు తుడుచుకున్నారు.

గుంపు బయలుదేరిన రోజు ఉదయం షెడ్డు తలుపుకి కాగితం అంటించారు. తొట్టెలో ఉన్న మనిషిని పిలవరాదు అని. లంకె నడుస్తుండగా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే తలలో ఏం తెగుతుందో చెప్పలేమని మేడం అందరికీ మరీమరీ చెప్పారు. ఆ కాగితం చదివి నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. వెనకనుంచి పిలవకూడదని నాకు చెప్పడం అది రెండోసారి.

పది గంటలకి ఝాన్సీ తొట్టెలోంచి లేచింది. టోపీ తలమీదే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మేమెవరం కనపడటం లేదు. తడిబట్టలతో మా మధ్యనుంచి నడిచి, తలుపు దాటి, ఇసుకలోకి దిగింది. ఒక కుర్రవాడు పట్టుకోబోతే మేడం ఆపారు.

"ఆపకండి. సింహాద్రి బోటు దగ్గరే ఉంది, మునగనివ్వడు. ఒక్క నిమిషం. పెద్దావిడ ఏరు మొగ దగ్గర మలుపు తిరుగుతోంది, ఒక్క నిమిషం!"

నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. నడుముకి వచ్చాయి. అది తలవంచి అలలకింద నుంచి పోతోంది, చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పినట్టే. ఛాతీ వరకూ వచ్చాయి. యాభై అడుగులు కూడా లేదు.

నా నోరు మూయడానికి ఈసారి ఎవరూ లేరు.

"ఝాన్సీ!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. అది నరికినట్టు పడిపోయింది. సింహాద్రి దూకి పైకి తీశాడు. ముక్కులోంచి, ఎడమ చెవిలోంచి నెత్తురు. షెడ్డులో తెరమీద గీతలన్నీ ఒకేసారి చదునైపోయాయి. మూడేళ్ల పని.

సాయంత్రానికి ఝాన్సీకి తెలివి వచ్చింది. కానీ దాని ఎడమ చెవి ఈనాటికీ వినపడదు. మేడం ప్రయోగం మూసేశారు. తప్పు నాది, ఆ నిమిషం నాది అని ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని అన్నారు. నేను తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆవిడ నాకంటే ఎక్కువ ఏడుస్తుంటే టీ తెచ్చి ఇచ్చాను.

ఝాన్సీ మాత్రం నన్ను క్షమించలేదు.

"నువ్వెందుకు పిలిసేవు?"

"మునిగిపోతావని."

"నాను మునగను. నీకు తెలుసు. నువ్వు పిలవకపోతే దారంతా తెలిసిపోయేది." తర్వాత గోడవైపు తిరిగి అంది, "ఆవిడ ఎనక్కి తిరిగి సూసిందమ్మా. నువ్వు పిలిసినప్పుడు. నీ కేక ఆవిడికీ ఇనపడింది."

ఆ ఏడాది మా ఇంట్లో మాటలు అన్నం, ఉప్పు, మందులు. అంతే. ఎడమ కన్ను మూసుకోవడానికి ఏడు నెలలు పట్టింది. మూసుకున్న మొదటి మధ్యాహ్నం నేను దాని పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ రెండు రెప్పలూ మార్చి మార్చి చూశాను.

మళ్లీ కార్తీకం వెళ్లింది. గుంపు వచ్చింది. వచ్చి, పోలేదు.

మా ఊరికి ఎదురుగా, ఏరు మొగ దగ్గర, సరిగ్గా ఝాన్సీ పడిపోయిన చోటుకి కొంచెం అవతల ఆగిపోయింది. మొదటిరోజు ఊరివాళ్లు చూసి మురిసిపోయారు. అయిదోరోజుకి సింహాద్రి ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"వదినా, పిల్లలు సిక్కిపోతన్నాయి. అక్కడ మేత లేదు. పెద్దది కదిలితే కదా మిగతాయి కదిలేది."

ఆ సాయంత్రమే రేడియోలో చెప్పారు. సముద్రంలో వాయుగుండం పట్టింది, మూడురోజుల్లో తుఫాను అవుతుంది. తుఫాను అలలకి ఏరు మొగలో ఇసుక మేటలు లేస్తాయి. అక్కడ ఉన్నది ఏదైనా ఒడ్డుకి కొట్టుకువస్తుంది.

ప్రయోగం మూసేసి విశాఖపట్నం వెళ్లిపోయిన మేడం కబురు విని వచ్చారు. నీళ్లలో మైకు దించి వినిపించారు. పైకి లేచి చివర రెండుసార్లు వణికే ఈల. ఆగి, మళ్లీ. ఆగి, మళ్లీ.

ఝాన్సీ ఇయర్‌ఫోను కుడి చెవికి పెట్టుకుని విని, నేలమీద కూర్చుండిపోయింది.

"నన్నే పిలుస్తంది."

తప్పిపోయిన చోట ఆగి ఎదురు చూస్తుందని ఆ మ్యాపు ముందు చెప్పింది మేమే. నేను పిలిచి నా పిల్లని తెచ్చుకున్నాను. అవతల ఆవిడ లెక్కలో ఒక పిల్ల తగ్గిపోయింది. ఆవిడ పదకొండు మందినీ ఆపేసుకుని ఆ ఒక్కదానికోసం నిలబడింది. నేనైతే ఏం చేసేదాన్ని? అదే చేసేదాన్ని.

"పట్టీ ఇంకా పనిచేస్తంది కదా మేడం," అంది ఝాన్సీ. "టోపీ ఇవ్వండి. ఎల్లిపొమ్మని సెప్తాను."

"నీ తలకి ఇంకోసారి పెట్టను," అన్నారు మేడం. "ఈసారి చెవితో పోదు."

"మరి సచ్చిపోనిత్తామా?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను ఏదో ఒకటి అంటానని, వద్దని ఏడుస్తానని అనుకున్నట్టున్నారు.

"నాకు పెట్టండి," అన్నాను.

ఝాన్సీ ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది, కన్నీళ్లతోనే. "నువ్వా? బస్సు ఎక్కితే టైరు ఊడిపోద్దంటావు. పదిహేనేళ్లయింది బోటెక్కి!"

"ఎక్కితే బోల్తా పడతాదని నాకూ తెలుసే. అయినా ఎక్కుతాను. తల్లికి సెప్పాల్సిన మాట తల్లే సెప్పాల."

మేడం వద్దన్నారు, వాదించారు. వాంతులు అవుతాయన్నారు. పది నిమిషాలకి మించి ఉంచనన్నారు. చివరికి ఒప్పుకున్నారు. షెడ్డులో తొట్టె ఏడాదిగా ఎండి పగిలిపోయింది కాబట్టి బోటులోనే, గుంపుకి దగ్గరగా పెట్టాలి.

మర్నాడు ఉదయం ఒడ్డువెంట నడిచాను. సరుగుడు తోట చుట్టి పోవడానికి టైము లేదు. ఆ ఇసుక మీద ప్రతి అడుగూ చూసుకుని వేశాను. ఆకాశం బూడిద రంగులో ఉంది. సింహాద్రి బోటు పట్టుకుని ఉన్నాడు. నేను అంచుమీద కాలు పెట్టాను.

"అమ్మా!"

వెనకనుంచి. సింహాద్రి గతుక్కుమన్నాడు. అతని నోట్లోంచి "అయ్యో" అని రాబోయి ఆగింది. నేను వెనక్కి తిరిగాను. ఝాన్సీ లైఫ్ జాకెట్ పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొస్తోంది.

"ఇది మరిసిపోనావు. ఎనకనుంచి పిలిసేనని తిట్టుకోకు."

"పిలు," అన్నాను. "నన్నెప్పుడైనా పిలు."

బెల్టులు అదే బిగించింది. ఊపిరాడనంత గట్టిగా.

టోపీ చల్లగా, జిగటగా ఉంది. మొదట వాంతి చేసుకున్నాను. తర్వాత బోటు లేదు, ఆకాశం లేదు. అంతా చప్పుడు. ఇసుక చప్పుడు, రొయ్యల చిటపటలు, దూరంగా తుఫాను, పెద్ద రోలు దొర్లుతున్నట్టు. నా వెనక ఒకటి, రెండు, మూడు. లెక్కపెట్టేది నేను కాదు, ఆవిడ. పదకొండు దాకా వెళ్లి ఆగేది. అక్కడ పన్ను ఊడిన చోటు నాలుకకి తగిలినట్టు ఒక ఖాళీ. మళ్లీ మొదటినుంచి. ఆ లెక్క నాకు కొత్త కాదు. మా ఆయన పోయిన ఏడాది నేను ఇద్దరికి బదులు ముగ్గురికి కంచాలు పెట్టేదాన్ని.

ఏం చెప్పాలో అనుకుని వచ్చినదంతా మరిచిపోయాను. తుఫాను వస్తుందని చెబుదామనుకున్నాను. అంతే, నా అలవాటు లేచింది. ఇసుకలో కొట్టుకుంటున్న పిల్లలు, నోళ్లలో నురగ, కాకులు. ఒడ్డున రక్తం కారుతున్న ఝాన్సీ. ఒకదాని వెనక ఒకటి, ఆపుకోలేకపోయాను. అవన్నీ ఆవిడకి వెళ్లిపోయాయి. ఆవిడ గుండె నా గుండెలో దడదడలాడింది. ఈల కేక అయిపోయింది.

"వదినా!" ఎక్కడో సింహాద్రి అరుస్తున్నాడు. "ఒడ్డుకి తిరిగిపోయిందే పెద్దది! అన్నీ ఒడ్డుకే పోతన్నాయి!"

పిల్ల ఒడ్డున ఆపదలో ఉందని నేనే చెప్పాను. తీసుకుపోవడానికి ఆవిడ బయలుదేరింది. పదకొండు మందితో, ఇసుక మేటల మీదికి.

చెడు తలచకుండా ఉండటం నాకు చేతకాదు. ఆ భగవంతుడికి తెలుసు. ఎంత గింజుకుంటే అన్ని శవాలు కనపడ్డాయి. అప్పుడు ఒకటి దొరికింది. మొన్న మధ్యాహ్నం. చాపమీద ఝాన్సీ, గోడవైపు తిరిగి. నోట్లోంచి చొంగ కారి దిండు తడిసింది. జుట్టులో సరుగుడు ఆకు. గురక. రెండు కళ్లూ మూసి ఉన్నాయి.

ఆ రెండు రెప్పల్నీ పట్టుకున్నాను. వాటి తర్వాత ఏమవుతుందో అనుకోలేదు. ఊపిరి లోపలికి, బయటికి. పక్కనే విసనకర్ర. కడుపు నిండింది. ఎవరో కనిపెట్టుకుని ఉన్నారు. రెండు కళ్లూ మూసుకుని పడుకోవడం అంటే ఏమిటో ఆవిడకి ఎప్పుడూ తెలిసి ఉండదు. ఎంత భయం లేకపోతే ఒక ప్రాణి రెండు కళ్లూ మూస్తుందో ఆవిడ చాలాసేపు చూసింది.

ఈల ఒక్కసారి వినిపించింది, మెల్లగా. అది పిలుపు కాదు. పైటకొంగు సర్దినట్టుంది. తర్వాత లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. పదకొండు. అక్కడ ఆగి, ఖాళీని ఇంకోసారి తడుముకుని, ఆవిడ దక్షిణానికి తిరిగింది.

మేడం టోపీ లాగేశారు. తొమ్మిది నిమిషాలైందట. రెక్కకి గంటున్న వీపు ఒక్కటి ముందు లేచి మునిగింది, దాని వెనక పదకొండు. సింహాద్రి చుక్కాని వదిలేసి రెండు చేతులూ జోడించాడు. "చుక్కాని పట్టుకో బాబూ, బోల్తా పడతాది," అన్నాను.

తుఫాను మాకు ఉత్తరాన తీరం దాటింది. మా ఇంటి రేకులు రెండు ఎగిరిపోయాయి. గాలి తగ్గిన మొదటి ఉదయం నేనూ ఝాన్సీ ఒడ్డువెంట నడుచుకుంటూ ఏరు మొగ వరకూ వెళ్లాం. విరిగిన కొమ్మలు, చెప్పులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. డాల్ఫిన్ ఒక్కటీ లేదు. నేను అటూ ఇటూ వెతుకుతుంటే ఝాన్సీ నా చెయ్యి పట్టుకుంది.

"లేవమ్మా. ఎల్లిపోనాయి."

"అయితే అక్కడ సొరచేపలు..."

"అమ్మా."

నోరు మూసుకున్నాను.

మేడం పట్టీ పని ఇంక చేయనన్నారు. టోపీని పెట్టెలో పెట్టి తాళం వేశారు. గోడమీద మ్యాపు మాత్రం ఉంది. మా ఊరి దగ్గర ఎర్రగీతమీద చిన్న చుక్క పెట్టారు. ఆ ఎండాకాలం గుంపు తిరిగి వస్తూ అక్కడ ఆగింది. కాసేపే. ఒక్క ఈల వేసి వెళ్లిపోయింది. ఊరి బడికి వెళ్లే పిల్లల్ని గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయే అమ్మలు ఉంటారు, అలా.

ఒక మధ్యాహ్నం చాపమీద నడుం వాల్చాను. లేచేసరికి ఝాన్సీ నా పక్కనే పడుకుని, మోచేతిమీద తల పెట్టుకుని నన్నే చూస్తోంది. చేతిలో పాత పుస్తకం. టైము రాసింది.

"ఏటే?"

"నీ కన్నొకటి తెరుచుకునుంది. తొంగున్నంతసేపూ."

ఈసారి నాకు ఒళ్లు చల్లబడలేదు. తొమ్మిది నిమిషాలకే ఇంత అంటుకుందా అనుకున్నాను. అయినా ఒక కన్ను తెరిచి పడుకోవడం నాకు కొత్తేమిటి, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదంతే.

"సముద్రం వైపుదేనా?" అని అడిగాను.

అది తల అడ్డంగా ఊపింది.

"కాదమ్మా. నా వైపుది."